ఢిల్లీ ఆరోగ్యశాఖకూ మన ఊరి సబ్ సెంటర్‌కూ లంకె ఏమిటి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వ శాఖ గురించే. నేను పశ్చిమ గోదావరి మెట్ట ప్రాంతంలో ఏఎన్ఎంగా చేరి, హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరైన మనిషిని. ఢిల్లీలో తీసుకున్న నిర్ణయాలు సర్క్యులర్లుగా, రిజిస్టర్లుగా, టీకా డబ్బాలుగా మా సబ్ సెంటర్‌కు దిగుతుంటే అందుకున్నదాన్ని. నా జవాబులన్నీ ఆ వైపు నుంచే ఉంటాయి.

గ్రూప్-2కు చదువుతున్నాను. ఆరోగ్యం రాష్ట్రాల అంశమని పుస్తకంలో ఉంది. అలాంటప్పుడు ఢిల్లీలో మళ్లీ ఒక ఆరోగ్య మంత్రి, అంత పెద్ద శాఖ ఎందుకమ్మా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

మీ పుస్తకంలో ఉన్నది నిజమే బాబూ. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్ర జాబితా ఆరో అంశం చూడండి: ప్రజారోగ్యం, పారిశుధ్యం, ఆసుపత్రులు, డిస్పెన్సరీలు. పీహెచ్‌సీకి డాక్టరు రాకపోయినా, జిల్లా ఆసుపత్రిలో మంచాలు చాలకపోయినా అడగాల్సింది రాష్ట్రాన్నే. అయితే మిగతా రెండు జాబితాలు కూడా తిరగేయండి. ఓడరేవుల్లో క్వారంటైన్ పూర్తిగా కేంద్రం పని. వైద్య వృత్తి, మందులు, ఆహార కల్తీ, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అంటురోగాలు పాకకుండా చూడటం ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. 1976లో 42వ సవరణతో జనాభా నియంత్రణ, కుటుంబ నియంత్రణ కూడా అందులోకి వచ్చి చేరాయి.

మశూచినే తీసుకోండి. ఒక రాష్ట్రం ఇల్లిల్లూ తిరిగి టీకాలు వేసి, పక్క రాష్ట్రం చేతులెత్తేస్తే ఆ రోగం రైలెక్కి మళ్లీ వచ్చేది. 1962లో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం పెట్టి, అన్ని రాష్ట్రాల చేతా ఒకే పద్ధతిలో పని చేయిస్తేనే 1975 మే నెలతో దేశంలో ఆఖరి కేసులు ముగిశాయి. 1977 ఏప్రిల్‌లో భారతదేశానికి మశూచి లేదని ప్రకటించారు. ఇది ఏ రాష్ట్రమూ ఒంటరిగా చేయగలిగిన పని కాదు.

రెండోది డబ్బు. జాతీయ ఆరోగ్య మిషన్‌లో మనలాంటి రాష్ట్రాలకు కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. ఏఎన్ఎంల జీతాల డబ్బు చాలా ఏళ్లు కుటుంబ సంక్షేమ పథకం కింద కేంద్రం నుంచే వచ్చేది, చెల్లించేది మాత్రం రాష్ట్రం. అందుకే మా నెత్తిన ఇద్దరు యజమానులు ఉండేవాళ్లు. రిజిస్టరు నమూనా ఒకరిది, ట్రాన్స్‌ఫరు ఆర్డరు మరొకరిది.

మూడోది ప్రమాణాలు. కొత్త మందుకు అనుమతి ఇచ్చేది ఈ శాఖ కింద ఉండే కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ. మందుల షాపుకు లైసెన్సు ఇచ్చేది మాత్రం రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం. ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ, వైద్య విద్యను చూసే జాతీయ వైద్య కమిషన్ ఈ శాఖ పరిధిలోవే. వైద్య పరిశోధన చూసే ఐసీఎంఆర్ కూడా 2007లో వేరుగా పెట్టిన ఆరోగ్య పరిశోధన విభాగం ద్వారా ఇదే మంత్రిత్వ శాఖ కిందికి వస్తుంది. ఆయుర్వేదం, హోమియో లాంటి వైద్యాలు చూసే ఆయుష్ మాత్రం 2014 నవంబరులో విడిపోయి సొంత మంత్రిత్వ శాఖ అయింది.

పరీక్షలో ఉపయోగపడే ముక్క ఒకటి. 2020లో లాక్‌డౌన్ ఉత్తర్వు వచ్చింది ఆరోగ్యశాఖ నుంచి కాదు, 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద హోంశాఖ నుంచి. రాష్ట్రాలు వాడుకున్నది ప్లేగు కాలంలో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన 1897 అంటురోగాల చట్టం. డ్యూటీలో ఉన్న ఆరోగ్య సిబ్బంది మీద చేయి చేసుకుంటే కఠిన శిక్ష పడేలా ఆ పాత చట్టాన్ని 2020లోనే సవరించారు. మా వాళ్లు ఆ రక్షణ కోసం చాలా కాలం ఎదురుచూశారు.

ఈ శాఖ ఎప్పుడు పుట్టింది? మొదటి మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ అని తెలుసు. అంతకు ముందు సంగతి కాస్త వివరంగా చెప్పండి.
— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం

నమస్కారం మాస్టారూ. మొదట్లో తెల్లవాళ్ల దిగులంతా తమ సైన్యం గురించే. యుద్ధంలో కన్నా కలరా, జ్వరాలతోనే సిపాయిలు ఎక్కువగా పోతున్నారని గ్రహించి ఒక రాయల్ కమిషన్ వేశారు. అది చెప్పాక 1864లో మద్రాసు, బొంబాయి, బెంగాల్ ప్రెసిడెన్సీల్లో శానిటరీ కమిషన్లు పెట్టారు. కంటోన్మెంటు శుభ్రంగా ఉంటే చాలనుకున్న కాలం అది, పల్లెల జోలికి పోయినవాళ్లు తక్కువ. 1919 భారత ప్రభుత్వ చట్టంతో ఆరోగ్యాన్ని రాష్ట్రాలకు అప్పగించారు. ఢిల్లీలో మాత్రం విద్య, ఆరోగ్యం, భూములు కలిపి ఒకే శాఖగా నడిపారు. 1945లో దాన్ని మూడుగా విడదీసినప్పుడు ఆరోగ్యానికి సొంత శాఖ దక్కింది.

అదే సమయంలో సర్ జోసెఫ్ భోర్ కమిటీ దేశమంతా పరిశీలిస్తోంది. 1943లో వేసిన ఆ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. అందులోని లెక్కలు చదివితే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. సగటు ఆయుష్షు 27 ఏళ్ల లోపు. పుట్టిన వెయ్యిమంది పిల్లల్లో 160 మందికి పైగా ఏడాది నిండకుండానే పోతున్నారు. నర్సులైతే 43 వేల మందికి ఒక్కరు. డబ్బు లేదన్న కారణంతో ఏ మనిషికీ వైద్యం అందకుండా పోకూడదన్నది ఆ కమిటీ పెట్టుకున్న సూత్రం. వైద్యం, నివారణ రెండూ ఒకే కప్పు కింద ఉండాలనీ, ముందుగా 40 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కావాలనీ చెప్పారు. మీరు బీపీ మాత్రలకు వెళ్లే పీహెచ్‌సీకి మూలం ఆ నివేదికే. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజ వికాస పథకంతో పీహెచ్‌సీలు పల్లెల్లోకి వచ్చాయి.

అమృత్ కౌర్ గారంటే నాకు చాలా గౌరవం. కపుర్తలా రాజవంశంలో పుట్టి, అన్నీ వదిలి గాంధీగారి దగ్గర కార్యదర్శిగా పనిచేశారు. 1947 నుంచి 1957 దాకా ఆరోగ్య మంత్రి. స్వతంత్ర భారత మంత్రివర్గంలో మొదటి మహిళ. 1950లో ప్రపంచ ఆరోగ్య సభకు అధ్యక్షత వహించారు. ఢిల్లీ ఎయిమ్స్ ఆవిడ పట్టుదలే. న్యూజిలాండ్ సాయం తెచ్చి, 1956లో పార్లమెంటులో చట్టం చేయించారు. సిమ్లాలోని తన సొంత ఇంటిని ఎయిమ్స్ సిబ్బంది సెలవుల్లో సేదతీరడానికి రాసిచ్చారు. రాత్రంతా వార్డులో నిలబడే నర్సుకు నాలుగు రోజులు విశ్రాంతి కావాలని ఆలోచించిన మంత్రి. ఆ ఒక్క విషయం చాలు నాకు.

అప్పట్లో అన్నిటికన్నా పెద్ద శత్రువు మలేరియా. ఏటా ఏడున్నర కోట్ల మందికి జ్వరం, 8 లక్షల మరణాలు అని అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం పెట్టి ఇంటింటా డీడీటీ చల్లారు. గోడ మీద తేదీ రాసి వెళ్లే మలేరియా వాళ్లు మీ చిన్నతనంలో మీకు గుర్తుండే ఉంటారు. 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. ఇక అయిపోయిందని పట్టు సడలించారు, దోమ డీడీటీకి అలవాటు పడింది. 1976లో మళ్లీ 64 లక్షల కేసులు. గెలిచామనుకుని చేతులు కడుక్కుంటే ఏమవుతుందో ఆ పదకొండేళ్లలో తెలిసొచ్చింది. ఆ తర్వాత పుట్టిన ప్రతి కార్యక్రమంలో, కేసులు లేకపోయినా రక్తపూతలు తీస్తూనే ఉండాలన్న నియమం మా చేత గట్టిగా పాటింపజేసేవాళ్లు.

మీ రాజమండ్రి సంగతే చెప్తాను. ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రానికి మీ ఊళ్లో శాఖ ఉంది, బోదకాలు మీద శిక్షణకు పేరున్నది. ఆ క్రిమి పగలు లోపల దాక్కుని రాత్రి పూటే పైరక్తంలోకి వస్తుంది. అందుకే ఫైలేరియా సిబ్బంది రాత్రి జనం పడుకునే వేళ తలుపు తట్టి వేలి కొసన రక్తం తీసుకుంటారు. తిట్లు తింటూ కూడా తీస్తారు. ఈసారి తలుపు తడితే విసుక్కోవద్దని మీ వీధిలో వాళ్లకు కాస్త చెప్పండి మాస్టారూ.

ఎమర్జెన్సీలో ఆరోగ్యశాఖ జీపు కనిపిస్తే మగాళ్లు పొలాల్లోకి పరుగెత్తేవాళ్లని మా అమ్మ చెబుతుంది. నిజంగా అలా జరిగిందా? పైనుంచి ఆర్డరు ఉండేదా?
— ఒక పాఠకురాలు, కర్నూలు

జరిగిందమ్మా. మీ అమ్మగారు చెప్పింది అక్షరాలా నిజం.

1952లోనే ప్రభుత్వపరంగా కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టిన మొదటి దేశం మనది. 1966లో కేంద్రంలో దానికి ప్రత్యేక విభాగమే పెట్టారు. ఎర్ర త్రికోణం, "మేమిద్దరం, మాకిద్దరు" నినాదం గోడలన్నిటి మీదా ఉండేవి. అంతవరకూ నచ్చజెప్పే పని. 1976 ఏప్రిల్‌లో జాతీయ జనాభా విధానం వచ్చాక కేంద్రం లక్ష్యాలు పెంచింది, రాష్ట్రాలు ఒకదానితో ఒకటి పోటీ పడ్డాయి. టీచర్లకు, పోలీసులకు, రెవెన్యూ వాళ్లకు కూడా కోటా. జీతం, ప్రమోషను, రేషన్ కార్డు అన్నీ కు.ని. ఆపరేషన్‌తో ముడిపెట్టారు. 1976-77 ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, వాటిలో ఎక్కువ మగవాళ్లవే. ఉత్తరాదిలో బలవంతం మరీ ఎక్కువ. 1977 ఎన్నికల్లో అక్కడ కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోవడానికి ఇదొక ముఖ్య కారణం. అదే ఎన్నికల్లో మన ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లకు 41 గెలిచింది.

ఎన్నికల తర్వాత కుటుంబ నియంత్రణ పేరు కుటుంబ సంక్షేమంగా మారింది. మగవాళ్లు మళ్లీ వేసెక్టమీ వైపు చూడలేదు. భారమంతా ఆడవాళ్ల మీద పడింది. ఇది నేను కళ్లారా చూసింది కాబట్టి కాస్త చెప్పనివ్వండి.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఎమర్జెన్సీ ముగిసి కొన్నేళ్లయింది. టార్గెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. ప్రతి ఏఎన్ఎంకూ ఏడాదికి ఇన్ని కేసులు అని రాసిచ్చేవాళ్లు. జనవరి నుంచి టెన్షన్ మొదలు, మార్చి వచ్చిందంటే నిద్ర ఉండేది కాదు. కేసులు తక్కువైతే రివ్యూ మీటింగులో అందరి ముందూ లేపి నిలబెట్టేవాళ్లు. ఒక అధికారి మా జీతాల బిల్లు ఆపిన నెలలున్నాయి. బడి సెలవు రోజున క్యాంపు పెట్టేవాళ్లం. డీపీఎల్ అనేవాళ్లం, పొట్ట మీద చిన్న గాట్లు పెట్టి చేసే ల్యాప్రోస్కోపీ. డాక్టరు గారు జిల్లా నుంచి వచ్చేసరికి పన్నెండు. పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా తాగకుండా ఆడవాళ్లు వరండాలో కూర్చుని ఉండేవాళ్లు. ఒకరి తర్వాత ఒకరికి ఆపరేషన్, బయటికి తెచ్చి క్లాసు రూములో చాపల మీద పడుకోబెట్టడం. ఒక చేత్తో కడుపు పట్టుకుని, ఇంకో చేత్తో చంటిపిల్లకు పాలిచ్చే తల్లి ముఖం నాకింకా కళ్లముందే ఉంది. "ఇంటికెళ్లి రేపటి నుంచి నాట్లకు పోవాలి సిస్టర్, నొప్పి బిళ్ల ఇంకొకటి ఇయ్యవా" అని అడిగింది. వారం దాకా బరువు పని వద్దని చెప్పాను. కూలి ఎవరిస్తారని అడిగింది.

1994లో కైరో జనాభా సదస్సు తర్వాత ఆలోచన మారింది. 1996 ఏప్రిల్ నుంచి కేంద్ర ఆరోగ్యశాఖ దేశమంతటా టార్గెట్లు తీసేసింది. ఢిల్లీ నుంచి వచ్చిన సర్క్యులర్లలో మాకు ఊపిరి పోసింది అదే. ఆ తర్వాత క్యాంపుల్లో నిర్లక్ష్యం మీద కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. మూడేళ్లలో స్టెరిలైజేషన్ క్యాంపులు ఆపేయాలని 2016 సెప్టెంబరులో తీర్పు వచ్చింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తిరగేస్తే ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి ఆపరేషన్ అయింది. మగవాళ్లలో ఒక శాతం కూడా లేదు. వేసెక్టమీ కోత చిన్నది, అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు, బలం తగ్గదు. ఈ మాట నేను ఎన్ని అరుగుల మీద చెప్పినా మగవాళ్లు లేచి వెళ్లిపోయేవాళ్లు. మీ ఇంట్లో ఆ చర్చ వచ్చినప్పుడు మీరు మాత్రం మీ ఆయన్నీ కూర్చోబెట్టి మాట్లాడండమ్మా.

మా పాపకు మూడో నెల. ప్రభుత్వ టీకాలు ఎక్కడెక్కడో తిరిగి వస్తాయి, చెడిపోయి ఉంటాయని మా ఆడపడుచు భయపెడుతోంది. ప్రైవేటుకే వెళ్లాలా?
— ఒక తల్లి, సూర్యాపేట

భయపడకు తల్లీ. ఆ టీకా ఎలా వస్తుందో చెప్తాను, నువ్వే చూసి తేల్చుకో.

సార్వత్రిక టీకా కార్యక్రమం 1985లో మొదలైంది. టీకాలు కొనేది కేంద్ర ఆరోగ్యశాఖ. అక్కడి నుంచి రాష్ట్ర నిల్వ కేంద్రానికి వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌కు గన్నవరం, మీకు హైదరాబాద్ కోఠి. అక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి పీహెచ్‌సీకి, పీహెచ్‌సీ నుంచి మీ ఊరికి. ఎక్కువ టీకాలు దారంతా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పీహెచ్‌సీలో ఐఎల్ఆర్ అనే ప్రత్యేక ఫ్రిజ్ ఉంటుంది, దాని ఉష్ణోగ్రతను రోజుకు రెండుసార్లు చూసి రాయాలి. మేం పొద్దున్నే వ్యాక్సిన్ క్యారియర్‌లో నాలుగు ఐస్ ప్యాకులు పెట్టుకుని బయల్దేరేవాళ్లం. ఆ ప్యాకులు ఫ్రీజర్‌లోంచి తీసిన వెంటనే పెట్టకూడదు. కాసేపు బయట ఉంచి, పైన చెమట పట్టాక చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాలి. అప్పుడే పెట్టాలి. లేకపోతే ఐదు రోగాలకు కలిపి వేసే పెంటావాలెంట్ లాంటి టీకా గడ్డకట్టి పాడవుతుంది. వేడికన్నా గడ్డకట్టడమే దానికి పెద్ద ముప్పు.

ఇక నువ్వు చూడాల్సింది ఒకటుంది. టీకా సీసా లేబుల్ మీదో మూత మీదో ఊదారంగు గుండ్రం, దాని మధ్యలో చిన్న చదరం ఉంటాయి. చదరం గుండ్రం కన్నా లేతగా ఉంటే టీకా వేడి తగలక బాగున్నట్టు. చదరం రంగు గుండ్రంతో కలిసిపోయినా, ఇంకా ముదిరినా ఆ సీసా వాడకూడదు. "సీసా ఒకసారి చూపించమ్మా" అని అడుగు. ఏ ఏఎన్ఎమ్మూ కాదనదు, మంచి ఏఎన్ఎం అయితే సంతోషిస్తుంది. నన్నడిగిన తల్లులు ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్ల పిల్లల పేర్లు కూడా నాకు గుర్తే.

టీబీకి వేసే బీసీజీ, తట్టుకు వేసే ఎంఆర్ టీకాల పొడిని వాటితో వచ్చే ద్రవంతో కలిపాక నాలుగు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారేయాలి. అందుకే "ఇంకో ఇద్దరు పిల్లలు రానీ, సీసా విప్పుతాను" అని సిస్టర్ అంటే విసుక్కోకు. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చో. ఆ రాత్రి కొంచెం జ్వరం రావచ్చు. కార్డు పారేసుకోకు. మన దగ్గర బుధ, శనివారాలు టీకా రోజులు.

విరేచనాల నుంచి కాపాడే రోటా టీకాను 2016లో ప్రభుత్వ కార్యక్రమంలోకి తెచ్చినప్పుడు మొదట మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పుడు వాడింది మన హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో తయారైన టీకానే. పోలియో చుక్కలు వేయడానికి దేశమంతా 1995 నుంచి ఎంత తిరిగామో మీ అమ్మగారినడుగు. ఎడమ చిటికెన గోరు మీద మార్కర్ గీత, తలుపు పక్కన సుద్దముక్కతో P గానీ X గానీ. X ఉన్న ఇంటికి మళ్లీ వెళ్లాలి, అక్కడ పిల్లాడు మిగిలిపోయాడన్నమాట. 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్ హౌరాలో కనబడిన కేసే ఆఖరిది. 2014 మార్చి 27న పోలియో లేదని ధ్రువపత్రం వచ్చిన రోజు మా పీహెచ్‌సీలో అందరం లడ్డూలు పంచుకున్నాం.

ప్రైవేటులో అదనంగా కొన్ని టీకాలుంటాయి, డబ్బుంటే వేయించుకో. కానీ ప్రభుత్వ షెడ్యూలు వదిలిపెట్టకు.

తెలుగువాళ్లు ఎవరైనా కేంద్ర ఆరోగ్యశాఖలో మంత్రులుగా చేశారా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

చేశారు. పి.వి. నరసింహారావు గారు 1986-88లో ఆరోగ్యశాఖను కూడా చూశారు. సహాయ మంత్రులుగా చేసినవాళ్లూ ఉన్నారు. 1997-98లో రేణుకా చౌదరి, 2004 నుంచి 2009 దాకా పనబాక లక్ష్మి. లక్ష్మి గారు అప్పుడు మీ నెల్లూరు నుంచే ఎంపీ.

మేం ఇంగ్లండ్‌లో ఉంటున్నాం. ఇక్కడ ఎన్‌హెచ్ఎస్‌లో డాక్టరుకు జేబులోంచి డబ్బు ఇవ్వక్కర్లేదు. మన ఆరోగ్యశాఖ అలాంటిది ఎందుకు పెట్టలేకపోయింది?
— ఒక పాఠకుడు, లీసెస్టర్

మీ ఎన్‌హెచ్ఎస్ 1948 జులై 5న మొదలైంది. మన భోర్ నివేదిక అంతకు రెండేళ్ల ముందే వచ్చింది. ఆలోచనలో మనం వెనకబడలేదు. దానికి తగ్గ డబ్బు ఏనాడూ పెట్టలేదు, అదీ తేడా. 1983, 2002, 2017ల్లో జాతీయ ఆరోగ్య విధానాలు రాశారు. జీడీపీలో 2.5 శాతం ప్రభుత్వాలు ఆరోగ్యంపై ఖర్చు చేయాలని, 2025 నాటికి అక్కడికి చేరాలని 2017 విధానం చెప్పింది. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం, కోవిడ్ ఖర్చు కలిసిన ఏడాదిలో కూడా కేంద్రం, రాష్ట్రాలు కలిపి పెట్టింది 1.84 శాతం. మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం జేబులోంచి పోయేది 2013-14లో 64 శాతం ఉంటే, 2021-22కు 39 శాతానికి తగ్గింది. తగ్గినందుకు సంతోషమే. కానీ వంద రూపాయల్లో 39 ఇంకా కూలివాడి జేబువే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ, 2018లో కేంద్రం ఆయుష్మాన్ భారత్ తెచ్చాయి. ఆపరేషన్ ఖర్చుకు ఇవి ఎన్నో కుటుంబాలను ఆదుకున్నాయి. నా అభిప్రాయం మాత్రం ఒకటే. ఆసుపత్రిలో చేరాక ఆదుకునే కార్డు ఎంత ముఖ్యమో, చేరే అవసరం రాకుండా చూసే సబ్ సెంటర్ అంతకన్నా ముఖ్యం. షుగరు మాత్ర నెలనెలా ఊళ్లోనే దొరికితే డయాలసిస్ దాకా పోయేవాళ్లు తగ్గుతారు. 5 వేల జనాభాకు, గిరిజన ప్రాంతంలో 3 వేలకు ఒక సబ్ సెంటర్ ఉండాలన్న లెక్క ఈ శాఖ పెట్టిందే. అక్కడ మనిషీ మందూ రెండూ ఉండేలా చూడటానికే మొదటి రూపాయి ఖర్చు చేయాలని నేను గట్టిగా అంటాను.

ఆశా వర్కర్‌ను. మాకిచ్చేది కేంద్రమా, రాష్ట్రమా? ఎవరినడిగినా అవతలివాళ్ల పేరు చెబుతున్నారు.
— ఒక ఆశా కార్యకర్త, ఆదిలాబాద్ జిల్లా

ఇద్దరూ ఇస్తారు చెల్లెమ్మా, అందుకే ఇద్దరూ తప్పించుకుంటారు. 2005 ఏప్రిల్ 12న మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌లో వెయ్యి జనాభాకు ఒక ఆశా అని పెట్టారు. కాన్పు, టీకా, టీబీ మందులు, ఇంటికెళ్లి పసిబిడ్డను చూడటం, వీటిలో ఒక్కోదానికి ఇంత అని కేంద్రం నిర్ణయించిన ప్రోత్సాహకం మిషన్ డబ్బులోంచి వస్తుంది. ప్రతినెలా చేసే మామూలు పనులకిచ్చే మొత్తాన్ని 2018లో వెయ్యి నుంచి 2 వేలకు పెంచారు. ఆ పైన రాష్ట్రం తన డబ్బు కలుపుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దాన్ని మొత్తం 10 వేలు చేశారు. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో లెక్క కావడానికి కారణం ఇదే.

కాగితం మీద మీరు స్వచ్ఛంద కార్యకర్తలు. రాత్రి రెండింటికి నొప్పులొస్తున్నాయని ఫోను వస్తే లేచి వెళ్లాల్సిన మనిషిని స్వచ్ఛందం అనడం న్యాయం కాదు. మీలాంటి పథకాల సిబ్బందికి కనీస వేతనం ఇవ్వాలని 2013లో 45వ భారత కార్మిక సదస్సు సిఫారసు చేసింది. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు ఇచ్చింది. అవార్డు వచ్చింది, వేతనం ఇంకా రాలేదు. మిమ్మల్ని ఉద్యోగులుగా గుర్తించాలన్న మాటకు నేను నిలబడతాను. అందాకా మీరు చేసిన ప్రతి పనీ తేదీతో సొంత నోటుబుక్కులో రాసుకోండి. క్లెయిమ్ ఫారం ఇచ్చినప్పుడు నకలు దగ్గర పెట్టుకోండి. ఆగిన డబ్బు అడగాల్సి వస్తే ఆ నోటుబుక్కే మీ సాక్ష్యం.

పెన్షనర్ని. మందుల ధరల మీద, మా అబ్బాయి ఈఎస్ఐ ఆసుపత్రి మీద, కుళాయి నీళ్ల మీద కేంద్ర ఆరోగ్యశాఖకు మూడు ఉత్తరాలు రాశాను. "మా పరిధి కాదు" అని జవాబొచ్చింది. మరి ఎవరి పరిధి? డెబ్బై దాటినవారి కార్డు సంగతి కూడా చెప్పండి.
— ఒక పాఠకుడు, గుంటూరు

మీరు విసిగిపోయారని ఉత్తరం చూస్తేనే తెలుస్తోందండీ. కానీ ఆ జవాబు నిజమే. తప్పనిసరి మందులు ఏవేవో జాబితా తయారుచేసేది ఆరోగ్యశాఖ. వాటి ధర నిర్ణయించే ఎన్‌పీపీఏ మాత్రం రసాయనాలు, ఎరువుల మంత్రిత్వ శాఖ కింద ఉంది. జన ఔషధి దుకాణాలూ అక్కడివే. ఈఎస్ఐ కార్మిక శాఖది. మంచినీళ్లకు కేంద్రంలో జలశక్తి శాఖ, మీకు దగ్గర్లో మీ కార్పొరేషనో పంచాయతీయో. అంగన్‌వాడీ గుడ్డు మహిళా శిశు సంక్షేమ శాఖది. ఆరోగ్య బీమా కంపెనీ క్లెయిమ్ ఎగ్గొడితే అడగాల్సింది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, దాని ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది. ఒక మనిషి ఆరోగ్యాన్ని ఇన్ని శాఖలు పంచుకోవడం నాకూ నచ్చదు.

ఆరోగ్యశాఖనే అడగాల్సినవీ ఉన్నాయి. మందు వేసుకున్నాక ఒళ్లంతా దద్దుర్లు లాంటి చెడు ప్రభావం కనిపిస్తే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి, తర్వాత 1800-180-3024కు చెప్పండి. ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు లేని తినుబండారం కొనకండి, దాని మీద ఫిర్యాదు చేయండి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు. శాఖ నుంచి రాతపూర్వక జవాబు కావాలంటే సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అడగండి.

కార్డు గురించి. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండిన వాళ్లందరికీ ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ వయో వందన కార్డు ఇస్తున్నారు. ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. ఇంట్లో ఇప్పటికే ఆయుష్మాన్ కార్డు ఉన్నా, పెద్దవాళ్లకు ఇది విడిగా వర్తిస్తుంది. కేంద్ర ఉద్యోగుల సీజీహెచ్ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్ఎస్ లాంటి ప్రభుత్వ పథకంలో ఉన్నవారు అదో ఇదో ఒకటి ఎంచుకోవాలి. వివరాలకు 14555. ఆసుపత్రిలో చేరే ముందే ఆ ఆసుపత్రి జాబితాలో ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. దరఖాస్తుకు ముందు ఆధార్‌లో మీ పుట్టిన తేదీ సరిగ్గా ఉందో చూసుకోండి, వయసు దాని ప్రకారమే లెక్కిస్తారు.